వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గుతుందా, పెరుగుతుందా? హీటర్ రాడ్ లెక్క తేలడం లేదు

చివరి స్తంభం ఇల్లు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే లైనులో మా ఇల్లే చివరిది కావడంతో సాయంత్రం అయ్యేసరికి వోల్టేజి పడిపోతుంది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి విద్యుత్ ప్రవాహం పాఠం చదువుతూ, స్నానాల నీళ్లు కాచుకునే హీటర్ రాడ్ మీదే ఆ లెక్కలు చేసి చూద్దామని కూర్చుంది. నేను చదివింది కామర్స్ కనుక పెద్దగా సాయం చేయలేకపోయాను. ఇప్పుడు మా ఇంట్లో ఒకే ప్రశ్నకు మూడు జవాబులు ఉన్నాయి, అందులో ఏది సరైనదో తేల్చుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

రాడ్ మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ముద్రించి ఉంది. రాడ్ వేయకముందు సాకెట్‌లో మల్టీమీటరు 212 వోల్టులు చూపింది, రాడ్ వేశాక అదే బోర్డులోని పక్క సాకెట్‌లో 205 చూపింది. సామర్థ్యం అంటే వోల్టేజిని కరెంటుతో హెచ్చించగా వచ్చేది కనుక, 1500ను 205తో భాగించి 7.3 ఆంపియర్ల కరెంటు పోతోందని మా అమ్మాయి లెక్క కట్టింది. బోరు మోటార్లు బాగుచేసే మా బావమరిది ఆ లెక్కను సమర్థించాడు. వోల్టేజి తగ్గితే కరెంటు పెరుగుతుందనీ, లో వోల్టేజికి మోటార్లు కాలిపోయేది అందుకేననీ అతని మాట. తీరా వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే అతని క్లాంప్ మీటరుతోనే చూస్తే 5.8 ఆంపియర్లే వచ్చింది. మొదట సున్నా చూపింది కానీ, రాడ్ వైరు మొత్తాన్ని క్లాంపులో పెట్టడం వల్ల అలా వచ్చిందని చెప్పి, స్విచ్ కట్టేసి ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఫేజు వైరు ఒక్కదాన్నే వేరుచేసి పెట్టాడు.

పాఠ్యపుస్తకమేమో కరెంటు వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుందంటోంది, అంటే వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గాలి. మోటార్ల గురించి బావమరిది చెప్పేది అబద్ధం కాదని ఊళ్లో ప్రతి రైతుకూ తెలుసు. 7.3 సరైనదా, 5.8 సరైనదా? పుస్తకం చెప్పింది నిజమా, అనుభవం చెప్పింది నిజమా? ఒక పిల్లకు చెప్పవలసిన జవాబు కనుక దయచేసి వివరంగా రాయండి.

ఫిజిక్స్ టీచర్:

నమస్కారం అండీ. మీ అమ్మాయి కొలిచి చూసి, కొలతకూ లెక్కకూ పొత్తు కుదరకపోతే కొలతను తోసేయకుండా ప్రశ్న అడిగించినందుకు ముందుగా ఆమెకు నా అభినందనలు చెప్పండి. 5.8 సరైనది. 7.3 తప్పు. భాగాహారం సరిగ్గానే చేసింది కానీ, భాగించిన రెండు సంఖ్యలూ ఒకే పరిస్థితికి చెందినవి కావు, పొరపాటు అక్కడే జరిగింది.

రాడ్ మీది 1500 వాట్లు అన్నది ఆ రాడ్ ఎప్పుడూ తీసుకునే సామర్థ్యం కాదు. 230 వోల్టుల దగ్గర తీసుకునే సామర్థ్యం మాత్రమే. ఆ రెండు అంకెలనూ జంటగా ముద్రించడానికి కారణం అదే, వాటిని జంటగానే వాడాలి. 205 వోల్టుల దగ్గర ఎన్ని వాట్లు తీసుకుంటుందో రాడ్ మీద ఎక్కడా రాసి ఉండదు, మనమే కనుక్కోవాలి. 230 వోల్టుల నాటి వాట్లను 205 వోల్టుల నాటి వోల్టేజితో భాగిస్తే, నిన్నటి దూరాన్ని నేటి కాలంతో భాగించి వేగం చెప్పినట్టు అవుతుంది.

అయితే రెండు పరిస్థితుల మధ్య మారకుండా నిలిచేది ఏది? ప్రతి లెక్కకూ ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇదే. మీ రాడ్ లోపల ఉండేది నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ తీగ. దాని పొడవు, మందం మారవు. వేడెక్కినా దాని నిరోధం వంద డిగ్రీలకు ఒకటి రెండు శాతం మాత్రమే పెరుగుతుంది. అందువల్ల ఇక్కడ స్థిరంగా ఉండేది నిరోధం, వాట్లు కాదు. రాడ్ మీది జంట అంకెల నుంచి ఆ నిరోధాన్ని రాబట్టవచ్చు. 1500ను 230తో భాగిస్తే ఆ వోల్టేజి దగ్గర కరెంటు 6.52 ఆంపియర్లు వస్తుంది, 230ను ఆ 6.52తో భాగిస్తే నిరోధం 35.3 ఓమ్‌లు వస్తుంది. ఒక్క అడుగులో చేయాలంటే 230ను 230తో హెచ్చించి 1500తో భాగించినా అదే సంఖ్య.

ఇప్పుడు మీ కొలతల వైపు నుంచి రండి. అవి 205 వోల్టులు, 5.8 ఆంపియర్లు. రెండూ ఒకే సమయంలో, ఒకే రాడ్ మీద తీసినవి కనుక వీటిని నిశ్చింతగా భాగించవచ్చు. 205ను 5.8తో భాగిస్తే 35.3 ఓమ్‌లు. ముద్రించిన అంకెల నుంచి వచ్చిన నిరోధమూ, కొలతల నుంచి వచ్చిన నిరోధమూ ఒకటే అయ్యాయి. ఇంతకంటే చక్కని ప్రయోగ ఫలితం పాఠశాల ప్రయోగశాలలో కూడా అరుదుగా వస్తుంది. ఇక ఆ క్షణంలో రాడ్ నిజంగా తీసుకున్న సామర్థ్యం 205 × 5.8, అంటే 1189 వాట్లు.

ఈ సంఖ్య దగ్గర కాసేపు ఆగమని మీ అమ్మాయికి చెప్పండి. వోల్టేజి 230 నుంచి 205కు, అంటే సుమారు 11 శాతం తగ్గింది. సామర్థ్యమేమో 1500 నుంచి 1189కి, అంటే దాదాపు 21 శాతం పడిపోయింది. వోల్టేజి తగ్గినప్పుడు దానితోపాటు కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక, రెండింటి లబ్ధమైన సామర్థ్యం మీద ఆ తగ్గుదల రెండుసార్లు పడుతుంది. సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని పుస్తకంలో ఒక వాక్యంగా చదివి వదిలేసేది ఇదే. ఇరవై లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 2100 కిలోజౌళ్ల శక్తి కావాలి. 1500 వాట్లతో అయితే 23 నిమిషాలు, 1189 వాట్లతో అయితే 29 నిమిషాలకు పైగా పడుతుంది. పట్టే కాలం పెరిగినా నీళ్లకు కావలసిన శక్తి రెండుసార్లూ ఒకటే, అంటే 0.58 యూనిట్. వోల్టేజి తక్కువైతే నీళ్లు కాగడానికి బిల్లు ఎక్కువ అవుతుందన్న మాట మా ఊళ్లోనూ వింటుంటాను. ఎక్కువసేపు కాగడం వల్ల బకెట్టు నుంచి గాలిలోకి పోయే కొద్దిపాటి వేడి తప్ప అందులో నిజం లేదు.

మోటారు సంగతి మీ బావమరిది వంటివారే నాకంటే బాగా చెప్పగలరు కనుక దానిని వారికే వదిలేస్తున్నాను. మరో రెండు పనులు చేయగలరా? రాడ్‌ను ప్లగ్గు నుంచి పూర్తిగా తీసేసి, చల్లగా ఉన్నప్పుడు దాని రెండు పిన్నుల మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవండి. తర్వాత రోజులో వేర్వేరు వేళల్లో వోల్టేజి, కరెంటు జంటగా రాసుకోండి.

వైండింగ్ పనివాడు:

టీచర్ గారు చెప్పింది అక్షరాలా నిజం, అయినా ఆ బావమరిది గారు చెప్పిందీ నిజమే. ఇరవై ఏళ్లుగా కాలిన మోటార్లు విప్పుతున్నాను కనుక మోటారు వరకు నేను చెబుతాను.

ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు రన్నింగ్ వైండింగ్‌ను మల్టీమీటరుతో కొలిస్తే మూడు ఓమ్‌ల దరిదాపులో చూపుతుంది. పుస్తకంలోని సూత్రాన్ని తీసుకొచ్చి 230ని 3తో భాగిస్తే సుమారు 77 ఆంపియర్లు రావాలి. కానీ అదే మోటారు నీళ్లు తోడుతున్నప్పుడు క్లాంప్ మీటరు ఆరు ఆంపియర్లే చూపుతుంది. తిరుగుతున్న మోటారు తన లోపల తానే ఒక ఎదురు వోల్టేజిని పుట్టించుకోవడం దీనికి కారణం. లైను నుంచి వచ్చే వోల్టేజిలో చాలా భాగాన్ని ఆ ఎదురు వోల్టేజి అడ్డుకుంటుంది, మిగిలిన కొద్ది తేడాయే వైండింగ్‌లో కరెంటును నడుపుతుంది. కాబట్టి తిరిగే మోటారుకు వోల్టేజిని కరెంటుతో భాగించి వచ్చినదాన్ని రాగితీగ నిరోధం అనుకోకూడదు. అలాగని ఆ మూడు ఓమ్‌ల కొలత వృథా కాదు. ఆరు ఆంపియర్ల వర్గం 36, దాన్ని 3తో హెచ్చిస్తే 108 వాట్లు. ఆ వైండింగ్ లోపల వేడిగా మారిపోతున్న సామర్థ్యం అది, మోటారును కాల్చేదీ అదే.

హీటర్ రాడ్‌కు బయటి పని ఏదీ లేదు, వోల్టేజి ఎంత ఉంటే అంత వేడి ఇచ్చి ఊరుకుంటుంది. మోటారు అలా ఊరుకోలేదు, దాని షాఫ్టుకు ఒక పంపు తగిలించి ఉంది, బోరులోంచి నీరు పైకి రావాలి. వోల్టేజి తగ్గినా మోటారు వేగం కొద్దిగానే తగ్గుతుంది కనుక పంపు అడిగే సామర్థ్యం కూడా దాదాపు అలాగే ఉంటుంది. వోల్టేజి రూపంలో దొరకనిదాన్ని మోటారు కరెంటు రూపంలో లాక్కుంటుంది. అయిదు హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారు తీసుకోండి. షాఫ్టు దగ్గర 3730 వాట్లు కావాలి, దక్షత 0.85 అనుకుంటే లైను నుంచి సుమారు 4390 వాట్లు తీసుకోవాలి. త్రీఫేజ్‌లో వాట్లను 1.732తోనూ, వోల్టేజితోనూ, పవర్ ఫ్యాక్టర్‌తోనూ (వోల్టేజి, కరెంటుల లబ్ధంలో అసలు వాట్లుగా పనికొచ్చే భాగం) భాగిస్తే కరెంటు వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ కూడా 0.85 అనుకుంటే 415 వోల్టుల దగ్గర 7.2 ఆంపియర్లు, 340 వోల్టుల దగ్గర 8.8 ఆంపియర్లు. పెరుగుదల 22 శాతమే కదా అనిపిస్తుంది, కానీ వైండింగ్ వేడి కరెంటు వర్గం ప్రకారం పెరుగుతుంది కనుక అది ఒకటిన్నర రెట్లవుతుంది.

నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ మోటార్లు ఇలా నడుస్తూ కాలినవి కావు, అసలు తిరగకుండా నిలబడిపోయి కాలినవి. మోటారు తిప్పుబలం వోల్టేజి వర్గం ప్రకారం తగ్గుతుంది, 340 వోల్టుల దగ్గర అది మూడింట రెండు వంతులకు పడిపోతుంది. పంపులో ఇసుక పట్టి ఉంటే ఆ బలంతో మోటారు కదలదు. కదలకపోతే ఎదురు వోల్టేజి పుట్టదు, మామూలు కరెంటుకు అయిదారు రెట్లు వైండింగ్‌లో పారుతూనే ఉంటుంది. అలా నిలబడ్డ మోటారు మాత్రం హీటర్ రాడ్ లాగే ప్రవర్తిస్తుంది. కరెంటు మితిమీరితే లైనును తెంపే ఓవర్‌లోడ్ రిలే స్టార్టర్‌లో పనిచేస్తే బతుకుతుంది. తరచూ పడిపోతోందని ఆ రిలే పనిచేయకుండా కట్టేసినవారి మోటార్లే నా షాపులో వరుసగా కనిపిస్తాయి, దయచేసి ఎవరూ అలా చేయవద్దు.

ఇంకో మాట. మోటారుకు వోల్టేజినీ కరెంటునూ హెచ్చిస్తే వచ్చేది వాట్లు కాదు, వోల్ట్-ఆంపియర్లు. పైన చెప్పిన సింగిల్ ఫేజ్ మోటారుకు 230 × 6 చేస్తే 1380 వస్తుంది, పవర్ ఫ్యాక్టర్ 0.85తో హెచ్చిస్తేనే 1173 వాట్ల అసలు సామర్థ్యం తెలుస్తుంది. ఇంటి మీటరు లెక్కించేది ఈ రెండోదాన్నే. పొలంలో మోటారుకు కెపాసిటర్ పెట్టుకోమని చెప్పేది లైనులో పారే కరెంటును తగ్గించడానికి, దానివల్ల మోటారు చేసే పని తగ్గదు, పెరగదు.

చివరి స్తంభం ఇల్లు:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ జవాబులు చదివాక బావమరిదీ మా అమ్మాయీ ఒకరి మాట ఒకరు ఒప్పుకున్నారు. టీచర్ గారు చెప్పినట్టే కొలిచాం.

చల్లని రాడ్ నిరోధం 34.8 ఓమ్‌లు చూపింది. మల్టీమీటరు ప్రోబులు రెండింటినీ ఒకదానికొకటి తాకిస్తేనే 0.4 చూపుతోంది కనుక దాన్ని తీసేసి 34.4 అని రాసుకున్నాం. మధ్యాహ్నం వోల్టేజి 227, కరెంటు 6.4; రాత్రి ఏడున్నరకు, అందరి ఇళ్లలో లైట్లూ టీవీలూ నడిచే వేళ, 188 వోల్టులు, 5.3 ఆంపియర్లు. రెండుసార్లూ భాగిస్తే 35.5 ఓమ్‌లు వచ్చాయి. వోల్టేజి 39 వోల్టులు మారినా నిరోధం మారలేదని చూసి మా అమ్మాయి ఎంతగా సంతోషించిందో చెప్పలేను.

మీటరు మీద ఎర్రదీపం మెరుస్తూ ఉంటుంది, పక్కనే కిలోవాట్ అవర్‌కు 3200 మెరుపులు అని రాసి ఉంది. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, ఆ రాత్రి 188 వోల్టుల దగ్గర రాడ్ ఒక్కటే నడుస్తుండగా అయిదు నిమిషాల మెరుపులు లెక్కపెట్టాం. 271 వచ్చాయి. గంటకు లెక్క కట్టి 3200తో భాగిస్తే 1016 వాట్లు. 188ని 5.3తో హెచ్చిస్తే మాత్రం 996 వాట్లే. ఈ 20 వాట్ల తేడా మా లెక్కపెట్టడంలో పొరపాటా?

రెండో సందేహం ఇంకా పెద్దది. రాడ్‌తో లెక్క కుదిరిన ఉత్సాహంలో, అటక మీద ఉన్న పాత వంద వాట్ల ఫిలమెంటు బల్బును మా అమ్మాయి మల్టీమీటరుతో కొలిచింది. 39 ఓమ్‌లు చూపింది. 230 వర్గాన్ని 39తో భాగిస్తే 1356 వాట్లు రావాలి. వంద వాట్ల బల్బు 1356 వాట్లు తీసుకోవడమేమిటి? నిరోధం స్థిరం అన్న మాట ఇక్కడ ఎందుకు నిలబడలేదు?

విశ్రాంత ఇంజినీరు:

విద్యుత్ పంపిణీలో పనిచేసి విరమించినవాణ్ణి. మీ రెండు సందేహాలకూ నాకు తెలిసినంత రాస్తాను, బల్బుతో మొదలుపెడతాను.

వంద వాట్ల బల్బు 230 వోల్టుల దగ్గర 0.435 ఆంపియర్లు తీసుకుంటుంది, ఆ లెక్కన దాని నిరోధం 529 ఓమ్‌లు. మీ అమ్మాయి కొలిచినది 39 ఓమ్‌లు. రెండూ నిజమే, ఒకటి వెలుగుతున్న బల్బుది, మరొకటి ఆరిపోయిన బల్బుది. ఫిలమెంటు టంగ్‌స్టన్ తీగ. గది ఉష్ణోగ్రత దగ్గర దాని నిరోధం ప్రతి డిగ్రీకీ సుమారు 0.45 శాతం చొప్పున పెరుగుతుంది, వెలిగేటప్పుడు అది సుమారు 2500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. 39 నుంచి 529కి, అంటే పదమూడున్నర రెట్లకు, నిరోధం పెరిగింది అందుకే. ఈ నిష్పత్తి నుంచి ఫిలమెంటు ఉష్ణోగ్రతను వెనక్కి లెక్కకట్టవచ్చు. నిరోధం పెరుగుదల 12.6 రెట్లు, దాన్ని 0.0045తో భాగిస్తే 2800 వస్తుంది. అసలు ఉష్ణోగ్రత కంటే ఇది కొంత ఎక్కువే, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ నిరోధం పెరిగే వేగం కూడా పెరుగుతుంది, మనం గది ఉష్ణోగ్రత నాటి రేటునే చివరిదాకా వాడాం. అయినా 3422 డిగ్రీల దగ్గర కరిగే లోహం ఎంత వేడి మీద పనిచేస్తోందో ఒక మల్టీమీటరు, ఒక భాగాహారం కలిసి చెప్పగలిగాయి.

మీరు లెక్కకట్టిన 1356 వాట్లు కూడా ఊహ కాదు. స్విచ్ వేసిన తొలి క్షణంలో ఫిలమెంటు చల్లగానే ఉంటుంది కనుక ఆరు ఆంపియర్ల దాకా కరెంటు దూసుకువస్తుంది. సెకనులో చిన్న భాగం గడిచేసరికి తీగ వేడెక్కి, నిరోధం పెరిగి, కరెంటు అర ఆంపియరు లోపుకు దిగిపోతుంది. పాత బల్బులు వెలుగుతూ ఉండగా కాకుండా ఎక్కువగా స్విచ్ వేయగానే పోయేవి అందుకే.

అదే చూపుతో మీ రాడ్ అంకెలు చూడండి. చల్లగా 34.4, నడుస్తుండగా 35.3 నుంచి 35.5. రెండు మూడు శాతం పెరుగుదల కనిపిస్తోంది. మీ క్లాంప్ మీటరు దశాంశం తర్వాత ఒక్క అంకెనే చూపుతుంది కనుక 35.3కూ 35.5కూ మధ్య తేడాను పట్టించుకోనక్కరలేదు, కానీ చల్లని రాడ్‌కూ వేడి రాడ్‌కూ మధ్య తేడా నిక్రోమ్ నుంచి మనం ఆశించేదే.

ఈ నియమాన్ని కనుక్కున్న ఓమ్ కూడా తన ప్రయోగాల్లో వోల్టేజి మారకుండా ఎంతో జాగ్రత్త పడ్డాడు. 1827లో తన ఫలితాలను పుస్తకంగా వెలువరించిన ఆయన, అప్పటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండకపోవడంతో వాటిని పక్కనపెట్టి, బిస్మత్, రాగి కలిపిన ఉష్ణయుగ్మాన్ని వాడాడు. దాని ఒక కొసను మరిగే నీటిలో, రెండో కొసను మంచులో ఉంచితే స్థిరమైన చిన్న వోల్టేజి వస్తుంది. వేడితో తీగ నిరోధం కూడా మారుతుంది కనుక, నియమం చెప్పేటప్పుడు ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు అన్న మాటను పుస్తకాలు చేరుస్తాయి. పరీక్ష కోసం నియమాన్ని కంఠస్థం చేసే పిల్లలు ముందుగా మరిచిపోయేది ఆ మాటనే, మీ బల్బు గుర్తుచేసిందీ ఆ మాటనే.

ఇళ్లలో ఇప్పుడు మూడో రకం కూడా ఉంది. ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటికీ, ఫోను ఛార్జర్లకూ, కంప్యూటర్లకూ లోపల ఒక ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండి, వోల్టేజి తగ్గితే కరెంటును పెంచుకుని వాట్లను దాదాపు ఒకేలా నిలుపుకుంటుంది. మీ అమ్మాయి మొదట చేసిన 1500 భాగింపు 205 పద్ధతి వాటికి చాలావరకు సరిపోతుంది. అంటే ఆమె తార్కికతలో లోపం లేదు, దాన్ని రాడ్‌కు వర్తింపజేయడమే కుదరలేదు.

ఇక 20 వాట్లు. ఇవి మీ లెక్కపెట్టడంలో పొరపాటు కాకపోవచ్చు, నన్ను నిజంగా ఆలోచింపజేసినవి ఇవే. మీటరు లెక్కించేది రాడ్ తీసుకున్నదాన్ని మాత్రమే కాదు, మీటరు నుంచి సాకెట్ వరకు మీ ఇంటి వైరింగ్‌లో వేడిగా పోయినదాన్ని కూడా. మొదటి టపాలో రాడ్ వేయగానే 212 వోల్టులు 205 అయ్యాయని రాశారు. ఆ 7 వోల్టులు తీగల్లో ఎక్కడో పోయాయి, 7ను 5.8తో భాగిస్తే 1.2 ఓమ్‌ల నిరోధం మీ రాడ్‌కు ముందున్న దారిలో ఉంది. అందులో వీధి లైనూ, సర్వీసు వైరూ ఎంత, ఇంటి లోపలిది ఎంత అన్నది తెలియాలి. మీటరు బోర్డు దగ్గర వోల్టేజి కొలవడం ప్రాణాపాయం ఉన్న పని కనుక మీరుగానీ అమ్మాయిగానీ చేయవద్దు, బావమరిది గారిని చేయమనండి. రాడ్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి, బోర్డు దగ్గరా సాకెట్ దగ్గరా రాసుకోమనండి. లైను వోల్టేజి తనంతట తానే ఊగుతుంటుంది కనుక ఒక్కసారి చూసి నమ్మకుండా, నాలుగైదు సార్లు ఆపి వేసి చూసి సగటు తీయండి. మీటరు నుంచి ఆ సాకెట్‌కు తీగ ఎంత పొడవో, ఎంత మందమో కూడా రాయండి.

చివరి స్తంభం ఇల్లు:

మీరు చెప్పినట్టే ఈ ఉదయం బావమరిది అయిదుసార్లు కొలిచాడు. రాడ్ ఆపి ఉన్నప్పుడు బోర్డు దగ్గరా సాకెట్ దగ్గరా 212. రాడ్ నడుస్తున్నప్పుడు బోర్డు దగ్గర సగటున 209, సాకెట్ దగ్గర 205. కరెంటు 5.8. మీటరు బోర్డు నుంచి వెనుక వరండాలోని సాకెట్‌కు తీగ పొడవు సుమారు 12 మీటర్లు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు.

విశ్రాంత ఇంజినీరు:

మూడు వోల్టులు బయట పోతున్నాయి, లైను చివర ఉన్న ఇంటికి అది వింత కాదు. లోపల నాలుగు వోల్టులు పోవడమే బాగాలేదు.

లెక్క చూడండి. ఒక చదరపు మిల్లీమీటరు మందం, ఒక మీటరు పొడవు ఉన్న రాగితీగ నిరోధం 0.0172 ఓమ్‌లు. కరెంటు వెళ్లడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ కనుక మీ పన్నెండు మీటర్లు నిజానికి ఇరవై నాలుగు. 0.0172ను 24తో హెచ్చించి 1.5తో భాగిస్తే 0.28 ఓమ్‌లు. 5.8 ఆంపియర్లకు అక్కడ 1.6 వోల్టులు పోవాలి. మీకు నాలుగు పోతున్నాయి, అంటే లోపలి దారి నిరోధం 0.69 ఓమ్‌లు. తీగ వాటా తీసేస్తే ఇంకా 0.41 ఓమ్‌లు మిగిలాయి, ఆ నిరోధం తీగది కాదు. 5.8 వర్గాన్ని 0.41తో హెచ్చిస్తే దాదాపు 14 వాట్లు. పన్నెండు మీటర్ల పొడవునా పరుచుకుని పోయే వేడి అయితే చేతికి కూడా తెలియదు. ఇది మాత్రం ఏదో ఒక స్క్రూ దగ్గరో, పిన్ను దగ్గరో, వేలి గోరంత చోట పుడుతోంది. తగరాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే అని గుర్తుంచుకోండి.

రాత్రి మీటరు చూపిన 20 వాట్లకు కూడా లెక్క కుదిరింది. 5.3 వర్గాన్ని 0.69తో హెచ్చిస్తే 19 వాట్లు. మీ క్లాంప్ మీటరు కచ్చితత్వాన్ని బట్టి చూస్తే ఇది రుజువు అనలేను, కానీ రెండు వేర్వేరు కొలతలు ఒకే చోటును చూపుతున్నాయి.

రాడ్‌ను ఏ సాకెట్‌లో పెడుతున్నారు? మామూలు ఆరు ఆంపియర్ల చిన్న సాకెట్ అయితే, పూర్తి వోల్టేజి వచ్చిన రోజున మీ రాడ్ 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక అది మొదటి నుంచీ తప్పే. వెంటనే వాడకం ఆపి, మెయిన్ కట్టేసి సాకెట్‌ను విప్పించి చూడండి.

వైండింగ్ పనివాడు:

ఇంజినీరు గారి మాటకు తోడుగా ఒకటి. సాకెట్ విప్పేటప్పుడు ప్లగ్గును కూడా విప్పండి. పైకి బాగానే కనిపించే ప్లగ్గు లోపల స్క్రూ వదులై వైరు నల్లబడి ఉండటం చాలాసార్లు చూశాను. వోల్టేజి కొలవడానికి మల్టీమీటరును ఆంపియర్ల గుర్తు మీద పెట్టి సాకెట్‌లో దూర్చడం వంటి పొరపాటు అమ్మాయి ఎన్నడూ చేయకుండా చూడండి. ఆ స్థానంలో మీటరు నిరోధం దాదాపు సున్నా, అంటే ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకదానికొకటి కలిపేసినట్టే. రాడ్ నీళ్లలో ఉండగా స్విచ్ ఆపేసి, ప్లగ్గు తీశాకే నీటిని తాకాలి.

చివరి స్తంభం ఇల్లు:

అది ఆరు ఆంపియర్ల సాకెట్టే. విప్పి చూస్తే న్యూట్రల్ వైపు స్క్రూ వదులుగా ఉంది, వైరు కొస మీది ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి పెళుసుబారింది, సాకెట్ వెనుక భాగం కొద్దిగా కరిగి ఉంది. రాడ్ నడిచేటప్పుడు ప్లగ్గు వెచ్చగా ఉండటం మేము ఎన్నో నెలలుగా గమనిస్తున్నదే, వేడి చేసే వస్తువు కదా, వేడిగానే ఉంటుందని అనుకున్నాం. బావమరిది పాడైన కొసను కత్తిరించి, ఎర్తింగ్ వైరుతో సహా పదహారు ఆంపియర్ల సాకెట్, రాడ్‌కు కొత్త ప్లగ్గు బిగించాడు. మీటరు దగ్గరి నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు కొత్తగా లాగే పని వచ్చే వారం పెట్టుకున్నాం.

సాయంత్రం మళ్లీ అయిదుసార్లు కొలిచాం. రాడ్ ఆపి ఉన్నప్పుడు 212. నడుస్తున్నప్పుడు బోర్డు దగ్గర 209, సాకెట్ దగ్గర 207, కరెంటు 5.9. లోపల పోయేది నాలుగు నుంచి రెండు వోల్టులకు తగ్గింది. రెండును 5.9తో భాగిస్తే 0.34 ఓమ్‌లు వచ్చిందనీ, ఇంజినీరు గారు చెప్పిన 0.28కి అది దగ్గరగా ఉందనీ, మల్టీమీటరు పూర్ణాంకాలే చూపుతుంది కనుక అంతకంటే దగ్గరగా రాదనీ మా అమ్మాయి తన నోటుపుస్తకంలో రాసుకుంది. కొత్త వైరు వేశాక ఎంత రావాలో కూడా ఇప్పుడే లెక్క కట్టి ఉంచింది: 0.10 ఓమ్‌లు, 0.6 వోల్టులు. వేశాక కొలిచి ఇక్కడే రాస్తాం.